అత్తమ్మ పేరున పోయిన గాలి

పన్నెండేళ్లుగా ఒక మాట నా కడుపులో ఉంది. దేవుడికి చెప్పాను, ఆయనకు ముందే తెలుసు. మనుషులెవరికీ చెప్పలేదు. నేను బడికి పోలేదు, మా నాయన ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. ఆ అక్షరాలతోనే మీకు చెప్తున్నాను. నవ్వొస్తే నవ్వండి.

మా అత్తమ్మకు నాలుగు రోజులు విరేచనం లేదు. వాంతులు. పొట్ట డప్పులా బిగిసింది. కోరుట్ల నుంచి జగిత్యాల తీసుకెళ్తే, పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ పెరిగి దారి మూసేసిందని డాక్టరు అప్పటికప్పుడే ఆపరేషన్ చేశారు. గడ్డ తీసి పేగు అతికారు. ఆ చేతులకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

తర్వాత ఒకటే షరతు. కింది నుంచి గాలి పోయేదాకా నోట్లో చుక్క పడకూడదు. పోతేనే పేగు కదిలినట్టు. మా ఆయన దుబాయిలో ఉన్నాడు, పాస్‌పోర్టు కంపెనీ దగ్గర, రాలేడు. ఫోన్లో రోజూ మొదటి మాట, "పోయిందా?" ఆయన గదిలోని ఎనిమిది మందీ అదే అడిగేవారట. నేను ధర్మపురి నరసింహస్వామికి మొక్కాను. ఏమని మొక్కాలి? ఉన్నదున్నట్టే చెప్పి, కొబ్బరికాయ కొడతానన్నాను.

మూడో రోజు పొద్దున, మంచం కింది సంచి కోసం వంగాను. మూడు రోజులుగా ఆసుపత్రి గేటు దగ్గరి మిర్చిబజ్జీలతోనే బతుకుతున్నాను.

చప్పుడైంది. నాది.

పక్క మంచం దగ్గరున్న నర్సు గిరుక్కున తిరిగింది. "పోయిందా అమ్మా! నీదేనా?"

అత్తమ్మ కునుకులోంచి కళ్లు తెరిచింది. "నాదే కావచ్చు బిడ్డా. ఇగ చాయ్ పొయ్యుండ్రి."

"నువ్విన్నవా అక్కా?" నర్సు నన్నడిగింది.

"ఇన్న," అన్నాను.

అబద్ధమా అది? విన్నాను కదా! అప్పుడు నాకు నేను చెప్పుకున్నది అదే. నర్సు సంబరంగా రాసుకుంది. దుబాయిలో ఖర్జూరాలు పంచారు. అత్తమ్మ చాయ్ తాగింది.

సాయంత్రానికి పొట్ట మళ్లీ ఉబ్బి, తాగిందంతా కక్కింది. పొద్దున చాయ్ ఇచ్చేముందు ముక్కులోంచి తీసేసిన గొట్టం మళ్లీ వేశారు. "సచ్చిపోతనా బిడ్డా?" అని నా చెయ్యి పట్టుకుంది. డాక్టరు అందరి ముందూ నర్సును తిట్టారు. "నేను విన్న సార్" అని ఆ పిల్ల ఏడ్చింది. ఆయన నావైపు చూశారు. నేను సంచి సర్దాను. ఒక మనిషి ప్రాణం కన్నా, ఇంకో మనిషి పరువు కన్నా నా సిగ్గు పెద్దదా? ఆ క్షణాన పెద్దదే అయింది.

మరో రెండు రోజులకు అత్తమ్మకు నిజంగానే పోయింది. వార్డంతా విన్నది. నర్సు మాత్రం మూడుసార్లు అడిగిగానీ పెన్ను తీయలేదు.

దేవుడి దయ, అత్తమ్మ ఇంకో నాలుగేళ్లు బతికింది. ఆ సంగతి వచ్చినప్పుడల్లా "గా నర్సుకు చెవులు సక్కగ ఇనవడయి" అనేది. నేను తలొంచుకుని అన్నం వడ్డించేదాన్ని. ధర్మపురిలో కొబ్బరికాయ కొట్టాను, రెండు కొట్టాను. రెండోది ఎందుకో స్వామి అడగలేదు.

ఆ నర్సు పేరు కూడా నేను కనుక్కోలేదు. ఇది ఆమె కంట పడితే: తల్లీ, మీ చెవులు మంచివే. ఆ రోజు మీరు విన్నది నిజమే. మనిషే వేరు.

క్షమించమని అడగను. రాశాను, అంతే. పొట్ట తేలికగా ఉంది.