ముగ్గు పక్కన లెక్క

నరసరావుపేటలోని ఆ వీధిలో కోటేశ్వరి ముగ్గును ఎవరైనా గుర్తుపట్టేవారు. పొద్దున్నే కళ్లాపి చల్లి, చుక్కలు పెట్టి, గీతలు కలిపాక, లేచేముందు పక్కన అదే పిండితో ఒక లెక్క వేసేది. మునిసిపల్ హైస్కూలుకు ఆ దారినే పోయే పిల్లలు ఆగి చూసుకుని, జవాబు కోసం గొణుక్కుంటూ బడికి చేరేవాళ్లు.

పక్కింటి జైనాబ్ బీకి అది రోజూ వేడుకే.

"ఏమే కోటేశ్వరీ, ఆ ముగ్గు లక్ష్మీదేవి కోసమా, మా మనవరాలి ప్రాణం తీయడానికా?"

"నీ మనవరాలికి వచ్చులే అత్తా. బద్ధకం, అంతే."

"బద్ధకం మా వంశంలోనే ఉందిలే. దానికేం లెక్క నేర్పుతావు?"

కోటేశ్వరి తండ్రి పిడుగురాళ్ల దగ్గర క్వారీలో రాళ్లు కొట్టాడు. భర్త వీరాంజనేయులు లారీ డ్రైవరు. బీఈడీ చేసి, టీచరు ఉద్యోగం కోసం డీఎస్సీ పరీక్ష రెండుసార్లు రాసింది. రెండుసార్లూ కొద్దిలో పోయింది.

ఆ హైస్కూల్లో లెక్కల మాస్టారు రిటైరయ్యాక ఆయన చోటుకు ఎవరూ రాలేదు. లెక్కల పీరియడులో పిల్లలు కబడ్డీ ఆడుకునేవాళ్లు. చివరికి హెడ్మాస్టరు గోపాలకృష్ణ కోటేశ్వరిని తాత్కాలికంగా తీసుకున్నారు. జీతం ఎప్పుడొస్తుందో తెలియదు, వేసవిలో అసలు రాదు. అయినా ఆమె వచ్చాక పదో తరగతిలో లెక్కలు తప్పేవాళ్లు తగ్గారు. పిల్లలు ఆమెను టీచర్ అనే పిలిచేవాళ్లు. తాత్కాలికమన్న సంగతి వాళ్లకెందుకు?

మళ్లీ డీఎస్సీ వస్తుందన్న మాట పుట్టింది. ఏ బడిలో ఏ పోస్టు ఖాళీగా ఉందో చెప్పమని విద్యాశాఖ ఆఫీసు అడిగింది. బడి వదిలాక గోపాలకృష్ణ ఆమెను గదిలోకి పిలిచారు. ఆయన మెత్తని మనిషి. ఆయన దృష్టిలో మనిషికి సాయం చేయడమంటే రూలును కాస్త పక్కకు జరిపి చోటివ్వడమే.

"ఖాళీ ఉందంటే రెగ్యులర్ మనిషొచ్చి కూర్చుంటాడమ్మా. మరి నీ సంగతేంది? ఫిజిక్స్ మాస్టారితో సర్దుకుంటున్నామని చెప్పేస్తా. నువ్వు నిశ్చింతగా ఉండు."

అది తప్పని కోటేశ్వరికి తెలుసు. పిల్లలకు కావలసింది రేపు పొమ్మంటే పోయే మనిషి కాదు, నిలకడగా ఉండే టీచరు. కానీ భర్త లారీ చెడిపోయి షెడ్డులో ఉంది.

"మీ ఇష్టం సార్," అంది.

ఆ తర్వాత డీఎస్సీ రాసింది. ఈసారి వచ్చింది. వీరాంజనేయులు వీధంతా మైసూర్ పాక్ పంచాడు. "ఇంక మా పిల్లకి నువ్వు పర్మినెంట్," అని జైనాబ్ బీ రెండు ముక్కలు తీసుకుంది.

పోస్టింగు కోరుకునే రోజున గోపాలకృష్ణ కూడా ఆమె వెంట గుంటూరు వచ్చారు. తెర మీద ఖాళీ ఉన్న బళ్ల పేర్లు ఒక్కొక్కటే కదిలాయి. తన బడి ఉండదని తెలిసీ ఆమె చివరిదాకా చూసింది. లేదు. తన పేరు పిలిచేసరికి మిగిలినవాటిలో మాచర్లే దగ్గర.

బయట చెట్టు కింద ఆయన తలెత్తకుండానే అన్నారు:

"నువ్వు పాసవుతావని నేను అనుకోలేదమ్మా."

"నేనూ అనుకోలేదు సార్."

ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూసింది కానీ రాలేదు. ఆ రోజు గదిలో తను ఒద్దు సార్ అని ఉంటే సరిపోయేది.

బస్సెక్కే ముందు ఆయన అన్నారు: "రేపే రాస్తా, ఖాళీ ఉందని."

రాశారు కూడా. ఇంత ఆలస్యంగా చెబితే ఎట్లా, వచ్చే డీఎస్సీ దాకా ఆగమని ఆఫీసు వాళ్లు అన్నారు. ఫిజిక్స్ మాస్టారితో సర్దుకోవడం అప్పటినుంచి నిజమైంది. ఆయన వీలైనప్పుడు లెక్కలు చెప్పారు, వీలుకానప్పుడు పిల్లలు కబడ్డీకి పోయారు. ఆ ఏడు జైనాబ్ బీ మనవరాలు పదో తరగతిలో లెక్కలు తప్పింది.

ఫలితాలు వచ్చిన ఆదివారం కోటేశ్వరి ఊళ్లోనే ఉంది. జైనాబ్ బీ ఆమెను తిట్టలేదు. గడపలో కూర్చుని, "చానా మంచి ఉద్యోగం వచ్చిందిలే నీకు," అంది. అది ఎత్తిపొడుపో మెచ్చుకోలో కోటేశ్వరికి అర్థం కాలేదు. పిల్లను పిలిచి, ముగ్గు పక్కన కూర్చోబెట్టింది.

ఇప్పుడు కోటేశ్వరి మాచర్లలో ఒక మునిసిపల్ హైస్కూల్లో లెక్కల టీచరు. బడి దగ్గర మేడమీద గది అద్దెకు తీసుకుంది. శనివారం సాయంత్రం బస్సులో నరసరావుపేట వస్తుంది, సోమవారం తెల్లవారకముందే తిరిగి వెళుతుంది.