నడుము కింది గుంట

రెండో కాన్పు అయిన మూడు నెలలకు నాకు నొప్పి మొదలైంది. నడుము మధ్యల కాదు. జర కింద, కుడిపక్కన, వేలు పెడితే చిన్న గుంట తగులుతది కదా, సరిగ్గ ఆ గుంటల. మంచం మీద అటు నుంచి ఇటు తిరగాలంటే పండ్లు బిగబట్టేదాన్ని. బోధన్ బస్టాండ్ల బస్సు మెట్టు మీద కుడికాలు మోపి లేవబోతే, రెండు ఎముకల సందుల ఇనుప సువ్వ దూర్చి తిప్పినట్టయ్యేది.

"కాన్పులైనోళ్లందరికి ఉండేదే" అన్నది మా అత్తమ్మ.

బీడీలు చేసే ఆడోళ్లకు నడుం నొప్పి అంటే ఎవరూ తలెత్తి చూడరు. మా గల్లీల దాదాపు ప్రతి ఇంట్ల బీడీల చాట ఉంటది. ఒక కాలు మడిచి, ఇంకో కాలు చాపి, చాట ఒడిల పెట్టుకొని, ఒక్కపక్కకే బరువేసి పొద్దంత కూసుంటం. ఆకు కత్తిరించుడు, తంబాకు పోసి చుట్టుడు, దారం కట్టుడు. చేతులు తప్ప ఏదీ కదలదు.

ఆఖరికి నిజామాబాద్‌ల ఒక ఫిజియోథెరపీ మేడం దగ్గరికి పోయిన. ఆమె నన్ను ఒంటికాలి మీద నిలబెట్టింది. పడుకోబెట్టి మోకాలు మడిచి పక్కకు వంచింది. ఆ గుంట మీద బొటనవేలు పెట్టంగనే నేను అరిచిన.

"వెన్నుపూసకు కింద మూడు మూలల ఎముక ఒకటి ఉంటదమ్మా" అని తన ఒంటి మీదనే చూపిచ్చింది. "దానికి రెండు దిక్కుల తుంటి ఎముకలు కలుస్తయి. ఆ కీలే నీ నొప్పి. అది కదిలేదే బహు తక్కువ. కాన్పప్పుడు దాన్ని కట్టిపెట్టే పట్టీలు సాగినయి. నువ్వేమో మళ్ల ఒక్కపక్కకే కూసుంటున్నవ్."

"మాలిష్ చేస్తే పోతదా మేడం?"

"కీలు లోపలికి మన వేళ్లు పోవు. చుట్టున్న కండలు బిగుసుకపోయి ఉన్నయి. వాటిని సడలిస్తే కీలు మీద గుంజుడు తగ్గుతది."

బోర్ల పడుకోబెట్టి, మూడు మూలల ఎముక అంచు నుంచి పిర్ర మీదుగ తొడ పక్క దాక అరచేతి మడమతో మెల్లగ నూకింది. గట్టిగ ముడిపడ్డ చోట ఆగి, నేను ఊపిరి వదిలేదాక అదిమి పట్టింది. ఎముక మీద మాత్రం బరువెయ్యలే. పక్కకు పడుకున్నప్పుడు మోకాళ్ల నడుమ దిండు పెట్టుకొమ్మన్నది. అరగంటకోసారి కూసునే తీరు మార్చాలె, వెల్లకిల పడుకొని నడుం పైకెత్తే కసరత్తు రోజూ చెయ్యాలె అన్నది.

నేను లేచి చెప్పులేసుకుంటుంటే చేతులు కడుక్కుంటనే ఇంకో మాట చెప్పింది. "జ్వరమొస్తే, మనిషి చిక్కిపోతే, పడుకున్నా నొప్పి ఆగకపోతే, కాళ్లల్ల పట్టు పోతే, ఒంటికి పోయేది తెల్వకపోతే మాలిష్ జోలికి పోవద్దు. అది వేరే ఉంటది. డాక్టర్‌కు చూపియ్యాలె."

బస్సు టైమైతున్నదని నేను తలూపిన.

రెండు నెలలకు నా నొప్పి చాలావరకు తగ్గింది. మా అత్తమ్మకు గూడ నేనే మాలిష్ చేసిన. ఆ సంగతి గల్లీల పాకింది. మధ్యాహ్నం పనులయినంక ఒకరిద్దరు వచ్చేటోళ్లు. నా చేతుల ఏదో ఉన్నదన్నరు. నేను గూడ నమ్మిన.

అప్పుడే పక్కింటి అక్క వచ్చింది. నాకన్న పదేండ్లు పెద్ద. ఆమె, నేను ఒకే అరుగు మీద బీడీలు చేసేటోళ్లం. ఆమెకూ అదే గుంట, ఎడమపక్క. నువ్వుల నూనె గోరువెచ్చగ చేసి, మేడం చూపిచ్చినట్టే చేసిన. లేచి నాలుగడుగులేసి నవ్వింది. "చెల్లె, పానం లేచొచ్చింది!"

తెల్లారి మళ్ల అదే నొప్పి. మళ్ల చేసిన. నాది వారం వారం తగ్గింది. ఆమెది గంట తగ్గి, తిరిగి వచ్చేది. వచ్చినప్పుడల్ల ఇంకింత ఎక్కువనే వచ్చేది.

ఒకనాడు అడిగిన. "అక్కా, జ్వరమేమన్న వస్తున్నదా?"

"జ్వరమా? నాకెందుకొస్తది?"

అది ఎండాకాలం. పొద్దుగూకినా గోడలు వేడి కక్కుతున్నయి. ఆమె అరుగు మీద చెద్దరు కప్పుకొని కూసుండేది. జాకెట్టు చేతులు వదులైనయి. నూనె రాస్తుంటే పక్కటెముకలు ఒక్కొక్కటే నా వేళ్లకు తగిలేటివి. అన్నీ చూసిన. అన్నీ చూసుకుంట చేస్తనే ఉన్న. ఆపితే నాకు చాతకాదంటరని ఒక భయం. అంతకన్న పెద్ద భయం ఇంకోటి ఉండె. దానికి పేరు పెట్ట బుద్ధికాలే.

ఒక మధ్యాహ్నం అరచెయ్యి ఆ గుంట మీదికి తెచ్చిన. అక్కడ గుంట లేదు. మెత్తగ ఉబ్బి ఉన్నది. వేలు ఆనిస్తే లోపల నీళ్ల సంచి లెక్క కదిలింది. చుట్టున్న తోలుకన్న అక్కడ వేడి.

చెయ్యి తీసిన.

"ఏమైంది? ఆపినవేంది?" అని బోర్ల పడుకున్నామె మెడ తిప్పి చూసింది.

"రేపు పొద్దుగాల నిజామాబాద్ పోదాం అక్కా."

ఆమె జాకెట్టు సర్దుకొని మెల్లగ లేచి పోయింది.

స్కానింగ్ తీసిన్రు. ఆ కీలుకు టీబీ సోకింది. ఎముకను తిని, చీము కట్టింది. సూదితో తీసిన చీము నేను చూడలే, బయట బెంచీ మీద కూసున్న. డాక్టర్ నన్ను లోపలికి పిలిచి అడిగిండు. "ఎన్ని రోజులసంది మాలిష్ చేస్తున్నవమ్మా?"

"రెండు నెలలు."

ఆయన తిట్టలే. రాసుకున్నడు. అంతే.

ఏడాదికి పైన గోళీలు మింగింది. మొదటి నెలలల్ల వాంతులు, పచ్చబడ్డ కండ్లు. బతుకుతదో లేదో అని ఇంట్లోళ్లు గుసగుసలాడంగ విన్న. మందులు మార్చినంక మెల్లగ తేరుకున్నది. ఇప్పుడు నడుస్తది, ఎడమ పక్కకు ఒరిగి. కింద కూసోలేదు, కుర్చీల కూసొని చాట పట్టుకుంటది.

మొన్న ఇద్దరమే ఉన్నప్పుడు ఆకు కత్తిరిస్తున్న ఆమెకు చెప్పేసిన. "అక్కా, నాకు అప్పుడే అనుమానమొచ్చింది. చెప్పలే."

ఆమె కత్తెర ఆపలే.

"రోజూ పొద్దుగూకంగ జ్వరమొస్తుండె. మా అవ్వ గిట్లనే చిక్కి చిక్కి పోయింది. టీబీ అని తెలిస్తే కిరాయి ఇల్లు ఖాళీ చెయ్యమంటరని నేనే దాసిన" అన్నది.

ఆమె ఇంకో ఆకు తీసుకున్నది.