ఒక్కసారే లేచే విమానం

మూడేళ్ల కరువులో మా ఇంట్లో పోయినవి ఇవి. రెండు బావులు ఎండిపోయాయి. మేత లేక జత ఎద్దులను కదిరి సంతలో అమ్మేశాము. నలభై ఒక్క గొర్రెల్లో ముప్పై చచ్చాయి, మిగిలినవి వచ్చిన ధరకు ఇచ్చేశాము. రెండు పంటకాలాల శనక్కాయ విత్తనం మట్టిలోనే పోయింది. చివరికి బావిలో పూడిక తీస్తుండగా గట్టు విరిగి మీద పడి మా తమ్ముడు పోయాడు.

మిగిలింది వాడి భార్య సుంకమ్మ, ఎనిమిదేళ్ల కూతురు తిప్పక్క. ఆ పిల్ల నాలుగు మెట్లు ఎక్కితే పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగేవి. మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ చూసి గుండెలో రంధ్రం ఉందన్నారు. పోయినవాటి లెక్కలో ఈ పిల్లను చేర్చకూడదని నేను పట్టుబట్టాను. ఈ ప్రయాణానికి కారణం అంతే.

మా ఊరు నల్లమాడ దగ్గర. నేను కదిరిలో ఒక శనక్కాయ మిల్లులో తూకాలు రాసేవాణ్ణి. చదువు నాలుగో తరగతితో ఆగింది. లెక్కలూ కాస్త ఇంగ్లీషూ మిల్లులో కూర్చునే నేర్చుకున్నాను.

అవి అరవైల మొదటి ఏళ్లు. డాక్టరమ్మ రాసిన ఉత్తరాలకు న్యూయార్కులో ఒక ఆసుపత్రి ఆపరేషన్ ఉచితంగా చేస్తామని ఒప్పుకుంది. బొంబాయి నుంచి లండన్‌కు ఓడలో చోటు మిషన్ వాళ్లే ఇప్పించారు. అక్కణ్ణించి న్యూయార్కుకు మాత్రం ఆపరేషన్ రోజు దాటిపోయేదాకా ఏ ఓడలోనూ చోటు లేదు. అట్లాంటిక్ సముద్రాన్ని విమానంలో దాటక తప్పదు. రెండు టికెట్లు మిషన్ వాళ్లు కొంటామన్నారు. ఏ కంపెనీ విమానమో తేల్చే పని నామీద పెట్టారు.

"పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. ఈ పాపకు హార్సిలీ కొండ ఎత్తు దాటితే ఆక్సిజన్ పెట్టాల్సిందే. బాగా విచారించి ఎక్కించండి," అన్నారు డాక్టరమ్మ.

పొద్దున ఎనిమిదిన్నరకు కదిరిలో బండెక్కాము. నేను, సుంకమ్మ, తిప్పక్క. మూడో తరగతి. మూటలో జొన్నరొట్టెలు, ఊరుబిండి పచ్చడి. ఎదురుగా చింతపండు బస్తాల మీద కాళ్లు పెట్టుకుని ఒక వ్యాపారి కూర్చున్నాడు.

"యాడికి పోతాండారప్పా?" అన్నాడు.

"మద్రాసుకు. విమానాలు చూసేదానికి."

"విమానం చూసేదానికి దుడ్లు పెట్టుకుని మద్రాసుకా? దినమ్మూ మా మిద్దె మీదనే పోతాది కదప్పా. మా ఊర్లో దిగు, నిచ్చెన వేసి చూపిస్తా!"

పెట్టెలో అందరూ నవ్వారు. సంగతి చెప్పాక అతను బస్తా విప్పి తిప్పక్క చేతిలో గుప్పెడు చింతపండు పెట్టాడు. మధ్యాహ్నం పాకాలలో దిగి కాట్పాడి బండి పట్టుకున్నాము. కాట్పాడిలో మళ్లీ మారి, తెల్లవారేసరికి మద్రాసు చేరాము. స్టేషను ఎదుట సత్రంలో గది రోజుకు రూపాయిన్నర. నీళ్ల కుళాయి గది పక్కనే ఉంది. జబ్బు మనిషితో వెళ్లేవారు ముందు అది చూసుకోవాలి.

విమాన కంపెనీల ఆఫీసులు మౌంటు రోడ్డులో దగ్గర దగ్గరగానే ఉండేవి. మూడింటికి వెళ్లాను. పేర్లు రాయను, వాళ్ల టైంటేబుల్ అట్టల రంగులు చెబితే చాలు. ఛార్జీలో నయాపైసా తేడా లేదు, కంపెనీలన్నీ కలిసి ఒకే రేటు పెట్టుకున్నాయి. తేడా అంతా దారిలో. ఆకుపచ్చ కంపెనీది పాత రకం పంఖాల విమానం, మూడుచోట్ల ఆగుతుంది. నీలం కంపెనీది ఒకచోట ఆగుతుంది. ఎర్ర కంపెనీది జెట్, ఎక్కడా ఆగదు.

ఎండాకాలంలో మావాళ్లు మందను పామిడి వైపు పెన్న ఒడ్డుకు తోలుకుపోయేటప్పుడు మజిలీలు ఎక్కువున్న దారినే ఎంచుకుంటారు. నీళ్లు దొరుకుతాయి, జీవాలు నిలుస్తాయి. నేనూ అదే లెక్క వేసి ఆకుపచ్చ కంపెనీ ఖాయం చేశాను. సత్రం వరండాలో ఆ మాట చెబితే సుంకమ్మ మూతి తిప్పింది.

"బావా, నువ్వు తూకాలు రాసేటోనివి. మంద వెనకాల ఎన్నాళ్లు నడిచినావు?"

"చిన్నప్పుడు నడిచినాలే."

"నేను పదేండ్లు నడిచినా. నీరసం గొర్రె నడిచేటప్పుడు చావదు. మజిలీలో పండుకుంటాది చూడు, తెల్లారి లేపేటప్పుడు చస్తాది. ఈ బిడ్డ నీలమయ్యేది చదునులో కాదు గదా, ఎక్కేటప్పుడు గదా? ఆ విమానం మూడు తావుల దిగితే నాలుగుసార్లు లేయల్ల. నీకు ఆ మాత్రం లెక్క రాలేదా?"

మజిలీలు లెక్కపెట్టాను గానీ లేవడాలు లెక్కపెట్టలేదు.

మర్నాడు పది గంటలకు ఎర్ర కంపెనీకి వెళ్లాను. గుమాస్తా గుంటూరు వైపు మనిషి, మర్యాదస్తుడు.

"అంత పైన పోతుంటే లోపల గాలి ఎంత ఉంటుంది?" అని అడిగాను.

"లోపల గాలి నింపి ఉంచుతారండీ. ఊటీలో కూర్చున్నట్టే ఉంటుంది."

ఊటీ ఎత్తు ఏడువేల అడుగుల పైన. హార్సిలీ కొండ నాలుగువేలు. అంటే ఎక్కిన దగ్గర్నుంచీ దిగేదాకా ఆక్సిజన్ ఉండాలి. నీలం కంపెనీ సిలిండరు ఇస్తామంది గానీ దానిది రెండు లేవడాలు. ఎర్ర కంపెనీది ఒక్కటే లేవడం గానీ, సిలిండరు ప్రమాదాలకే తప్ప దారి పొడుగునా ఇవ్వమన్నారు. లండన్‌కు తంతి కొట్టి అడగమన్నాను. జవాబు వచ్చేదాకా అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. రెండో రోజు ఆఫీసు తెరిచేసరికే నేను గుమ్మంలో ఉన్నాను.

"ఏవండీ, మీరు విమానం ఎక్కుతారా, కొంటారా?" అన్నాడు గుమాస్తా.

"సిలిండరు ఇస్తే ఎక్కుతాను. ఇవ్వకపోతే రేపూ వస్తాను."

మూడో రోజు సాయంత్రం నాలుగింటికి జవాబు వచ్చింది. పాప సీటు పక్కన రెండు సిలిండర్లు, దిగేదాకా. గుమాస్తా తానే టీ తెప్పించాడు.

సుంకమ్మ అంతా విని, "ఒక్కసారే లేచేదయితే పంపిస్తా," అంది.

"పెద్దవాళ్లలో ఒకరికే టికెట్టు. నువ్వు పోతావా?" అన్నాను.

"నేను ఆడ ఎవురితో ఏం మాట్లాడేది? నువ్వు పో బావా. ఒక్కసారే. మాట తప్పితే చూడు."

బొంబాయి నుంచి ఓడ ప్రయాణం సాఫీగా జరిగింది. నేను వాంతులు చేసుకున్నాను, తిప్పక్క చేసుకోలేదు. లండన్‌లో మిషన్ వాళ్ల ఇంట్లో మూడు రోజులు విశ్రాంతి. నాలుగో రోజు పదకొండుకు విమానం లేచింది. లేచేటప్పుడు పిల్ల నా వేలు పట్టుకుంది. పెదవుల రంగు ముదిరింది. మూతికి గొట్టం పెట్టి సిలిండరు తిప్పారు. కాసేపటికి రంగు కొంచెం తేలింది. అప్పుడు నేను బెల్టు వదులు చేసుకున్నాను. అన్నం దొరకదు, అడిగితే ఉడికిన బంగాళాదుంపలు ఇస్తారు.

"పెద్దనాయనా, కింద అన్నీ నీళ్లేనా?"

"అన్నీ నీళ్లే."

"మనూరికి రావా?"

"ఉప్పునీళ్లమ్మా."

"అయితే గొర్లు తాగవులే," అని కళ్లు మూసుకుంది. పక్కన స్వెట్టరు అల్లుకుంటున్న ముసలి దొరసాని ఏమందని అడిగింది. నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ అల్లిక ఆపి చాలాసేపు కిటికీలోంచి కిందికి చూసింది.

దగ్గరకొచ్చాక న్యూయార్కులో మంచు కమ్మిందని చెప్పి బోస్టన్‌లో దించారు. రెండో సిలిండరు ముల్లు పావుకు వచ్చింది. గంటన్నరలో మళ్లీ లేస్తామన్నారు. నేను పిల్లను ఎత్తుకుని నిలబడ్డాను.

"ముప్పావు గంట ప్రయాణమే, కూర్చోండి," అంది విమానంలో పనిచేసే అమ్మాయి.

"ప్రయాణం కాదమ్మా, లేవడం. మేము లేవము. రైలు ఎక్కడుంది?"

వాళ్ల పెద్ద అధికారి వచ్చాడు. డబ్బు వాపసు రాదన్నాడు. వద్దన్నాను. బయట మీకేమీ తెలియదన్నాడు. రైలు పట్టాలకు రెండు చివరలు ఉంటాయి, ఒకటి న్యూయార్కు అయితే చాలన్నాను. చివరికి ఆ అమ్మాయే మా మూట పట్టుకుని టాక్సీ దాకా వచ్చింది, ఆసుపత్రికి ఫోను చేయించింది. రైలులో అయిదు గంటలు. నేల చదునుగా ఉంది. తిప్పక్క వెచ్చని పెట్టెలో నిద్రపోయింది, పెదవుల రంగు మళ్లీ మారలేదు. స్టేషనులో ఆసుపత్రి బండి సిద్ధంగా ఉంది.

చూసిన డాక్టరు ఇంకొక్కసారి విమానం లేచి ఉంటే ఏమయ్యేదో చెప్పలేనన్నాడు. ఆపరేషన్ ఎనిమిదో రోజున చేశారు. పొద్దున ఏడుకు లోపలికి తీసుకుపోయి మధ్యాహ్నం రెండుకు బయటికి తెచ్చారు. దుప్పటి అంచున కనిపించిన కాలిగోళ్లు ముందు చూశాను. తెల్లగా, అడుగున లేత ఎరుపుగా ఉన్నాయి. పుట్టినప్పటి నుంచీ ఆ గోళ్లు నీలమే.

తరువాత నర్సు ఒక సంగతి చెప్పింది. గుండె పని యంత్రం చేసినంతసేపూ దానికి రక్తం కావాలి. తిప్పక్కకు పద్నాలుగు సీసాలు పట్టింది. అక్కడి ఆచారం, వాడిన సీసాకు సీసా రోగి తాలూకువాళ్లు తిరిగి ఇవ్వాలి. పరదేశులం కాబట్టి మమ్మల్ని అడగలేదు. నేనే చెయ్యి చాపాను. ఒక్కటే తీసుకున్నారు.

తిరుగు ప్రయాణం నిదానంగా ఓడలోనే వచ్చాము. బొంబాయి నుంచి మద్రాసు మీదుగా పాకాల. అక్కడ కదిరి బండికి పరుగెత్తాల్సి వచ్చింది. తిప్పక్క నాకన్నా ముందు వంతెన మెట్లెక్కి, పైనుంచి, "పెద్దనాయనా, రా!" అని అరిచింది. నేనే ఆయాసపడ్డాను. పెట్టెలో రాప్తాడు రైతు ఒకాయన కథంతా విన్నాడు.

"పదమూడు సీసాలు బాకీ అంటావు. ఆడికే పోయి ఇయ్యల్లా? ఈడ ఇస్తే చెల్లదా అన్నా?"

"ఈడ ఎవురికి?"

"యా బిడ్డకైనా. మనిషి నెత్తురేగదా!"

అట్లాంటిక్ దాటబోయే జబ్బు మనిషికి నేను చెప్పేది ఇంతే. కంపెనీ పేరు చూడకండి. విమానం ఎన్నిసార్లు లేస్తుందో, ఆక్సిజన్ ఎంతసేపు ఇస్తారో అడగండి. జవాబు వచ్చేదాకా బెంచీ మీద నుంచి లేవకండి.

కదిరి చేరాక సుంకమ్మ కూతురి గోళ్లు ఒక్కొక్కటే పట్టి చూసింది. సీసాల మాట విని, వచ్చే వారమే మిషన్ ఆసుపత్రికి బయలుదేరింది. అప్పటి నుంచి ఆమె మూడు ఇచ్చింది, నేను నాలుగు ఇచ్చాను. ఇంకా ఆరు సీసాలు బాకీ ఉన్నాము.