మూడు తలల కుక్కపిల్లకు బొట్టు

మొన్న గుర్గావ్‌లో మా అమ్మాయి ఆఫీసుకు వెళ్తే, కింద హాల్లో కూర్చోమన్నారు. ఎదురుగా అన్నయ్య చేసిన కంచు కుక్కపిల్ల, మూడు తలలతో ఒకే హవాయి చెప్పు కోసం కొట్లాడుకుంటూ కనిపించింది. అన్నయ్య పోయి ఏడాదైంది కనుక కళ్లు చెమర్చాలేమోనని కాసేపు వాటికి వీలు కల్పించాను, అవి వినియోగించుకోలేదు. ఏసీ మాత్రం బాగా పనిచేస్తోంది.

ఆర్.కె. పురం క్వార్టర్ల బాల్కనీలు మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటాయి, కూలరూ ఆవకాయ జాడీ పెట్టాక మనిషికి చోటుండేది కాదు. నాకు కొత్తగా ఉద్యోగమైన రోజుల్లో, జాడీని లోపలికి జరిపి, అన్నయ్య అక్కడే మైనంతో ఆ కుక్కను చేశాడు. గ్రీకు పురాణాల్లో యమలోకపు వాకిలి కాసే మూడు తలల కుక్క ఉందట. అది పిల్లగా ఉన్నప్పుడు చెప్పులు కొరక్కుండా ఉంటుందా అన్నది అన్నయ్య పరిశోధన. ప్రదర్శనలో అది అమ్ముడైతే ఢిల్లీలో ఉండవచ్చు, లేకపోతే ఊరొచ్చి బళ్లో డ్రాయింగు మాస్టరుగా చేరాలన్నది నాన్న షరతు.

కంచు పోతకు పంపే రోజు ఉదయం, గిన్నె తిరిగివ్వడానికి వచ్చిన ఎదురింటి పిన్నిగారికి ఆ తలలు చూడగానే దత్తాత్రేయుడూ, ఆయన వెంట ఉండే కుక్కలూ గుర్తొచ్చాయి.

“స్వామి ఏడయ్యా? ముందు కుక్కను చేసేశావా?”

“ఇది గ్రీకు కుక్కండీ,” అన్నాడు అన్నయ్య.

“అచ్ఛా. ఎవరిదైతేనేం, బోసి మొహాలతో పంపిస్తావా?” అంటూ ఆవిడ మూడు నుదుళ్లకూ కుంకుమ అద్దారు. జూన్ ఎండకు మెత్తబడిన మైనంలో వేలు చక్కగా దిగింది. పని చెడిందనే అనుకున్నాను. అన్నయ్య కుంకుమ తుడిచి, గుంటలను చాలాసేపు చూసి, “ఉండనీరా, ఇప్పుడు ఎవరింటి కుక్కో తెలుస్తోంది,” అన్నాడు.

కంచులో ఆ గుంటలు ఆవిడ వేలిగీతలతో సహా దిగాయి. ప్రదర్శనలో చూసిన ప్రతివాడి వేలూ ఆ గుంటల్లోకే పోయింది. అలా పెట్టినవాళ్లలో ఒకాయన తీయలేక కాబోలు, కొనేశాడు.

అన్నయ్య ఢిల్లీలో ఉండిపోయాడు. ఉండడానికి నాయకుల విగ్రహాలు చేశాడు, చెయ్యెత్తినవీ ఎత్తనివీ. మళ్లీ జంతువుల జోలికి పోలేదు, నాన్న ఓడిపోయారో గెలిచారో నేనిప్పటికీ తేల్చుకోలేదు.

ఇప్పుడు మా నోయిడా ఫ్లాటు బాల్కనీకి అద్దాలు బిగించాం. ఎదురింటివాళ్ల పేరు ఫోనులోని గేటు యాప్‌కు తెలుసు, నాకు తెలియదు. ఇంత భద్రతలో ఎవరైనా ఏదైనా బొమ్మ చేస్తే, ఎవరి వేలూ పడకుండా, నున్నగా బయటికి వెళ్తుంది.