నారాయణగూడ నుంచి నాలుగు కిలోల ఐసు

మూడేళ్ల క్రితం నాన్న దినాల్లో నాతో మాటామాటా పెరిగి వెళ్లిపోయిన మా అన్న, ఆ మే నెల ఆదివారం నాలుగు గంటలకు వదినతో వస్తానని కబురు చేశాడు. మా ఫ్రిజ్ పాడైంది. అందుకని ముందురోజే ఆరు కూల్‌డ్రింకు సీసాలు కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు ఫ్రిజ్‌లో పెట్టించాను. ఆయన సరేనన్నాడు కూడా.

ఆదివారం రెండింటికి దిగి చూస్తే నా సీసాలు మెట్ల మీద, ఎండలో ఉన్నాయి. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది.

"మా అల్లుడొచ్చిండమ్మ. మామిడిరసం పెట్టినం, జాగ లేదు" అన్నాడు ఓనరు, పేపరులోంచి తలెత్తకుండా. ఒక్క మాట పైకి చెబితే ఏం పోయేదని అడిగాను. పేజీ తిప్పాడు.

ఒళ్లు మండిపోయింది. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. సీసాలు పైన పెట్టి, గోనెసంచి తీసుకుని రెండుంబావుకు అశోక్‌నగర్‌లోని మా ఇంటి నుంచి బయలుదేరాను. చిక్కడపల్లి దాకా నడక. దారిలో మూడు దుకాణాల్లో అడిగితే చల్లటివి పొద్దున్నే అయిపోయాయన్నారు. బస్సెక్కి నారాయణగూడలో దిగాను. ఐసు దుకాణంలో దిమ్మ మీది రంపపు పొట్టు దులిపి, పగలగొట్టి నాలుగు కిలోలు సంచిలో వేశారు.

మూడింటికి తిరుగు బస్సు. సంచి కారుతోందని కండక్టరు దిగిపొమ్మన్నాడు. ఆయనతోనూ గొడవకు దిగాను. పక్క సీటులో ఉన్న పాలమూరు కూలామె తను మట్టి మోసే ఇనుప గమేళా సంచి కిందికి జరిపింది. కండక్టరు వెళ్లిపోయాడు. అశోక్‌నగర్‌లో కట్టే అపార్టుమెంటులో ఆమెకు పని. అంతకుముందు ఐస్‌క్రీం కార్ఖానాలో చేసిందట. ఐసు దేనికని అడిగితే చెప్పాను.

"ఉట్టి ఐసుల పెడితే ఆలస్యమైతదక్క. బకెట్ల నీళ్లు గూడ పొయ్యి, రెండు పిడికెళ్లు ఉప్పెయ్యి. సీసాలు మెడదాంక మునగాలె. తిప్పుకుంట ఉండు."

ఇద్దరం చిక్కడపల్లిలో దిగాం. సంచి ఉన్న గమేళా నెత్తిన పెట్టుకుని మా గేటుదాకా ఆమే మోసింది. చల్లబడ్డాక ఒకటి తాగి వెళ్లమన్నాను. మేస్త్రి అరుస్తాడని ఆగలేదు.

మెట్లు తడుస్తున్నాయన్నాడు ఓనరు. "ఎండకు ఆరుతయి, మా సీసాలు కాగినట్లే" అని పైకెక్కాను.

ఆమె చెప్పినట్టే చేశాను. పావుగంటకు సీసాలు పట్టుకోలేనంత చల్లబడ్డాయి. నాలుగు దాటాక అన్నావదినలు వచ్చారు. ముఖమెందుకు అట్లా ఉందని వదిన అడిగితే జరిగిందంతా చెప్పాను. అన్న సీసా కింద పెట్టి, ఓనరుతో మాట్లాడి వస్తానని లేచాడు. చెయ్యి పట్టి కూర్చోబెట్టాను.

సీసా మళ్లీ చేతిలోకి తీసుకుని అడిగాడు.

"నామీద గూడ గింత కోపమున్నదా, చెల్లె?"

"ఇంకా ఉన్నది" అన్నాను. "ముందు తాగు."