జమ్మిచెట్టుకు ఆకుల్లేని మూడు వారాలు

నేను బడిలో జీవశాస్త్రం చెబుతాను. వేరు నీళ్లు ఎలా పీల్చుకుంటుందో, ఆకు అన్నం ఎలా వండుకుంటుందో బోర్డు మీద రంగు సుద్దలతో బొమ్మ గీసి మరీ చెబుతాను. అలాంటిదాన్ని ఒక్క ఏడాదిలో రెండు మొక్కల ప్రాణం తీశాను. మొదటిది నీళ్లు ఎక్కువై కుళ్లిపోయింది. బుద్ధి తెచ్చుకున్నాననుకొని రెండోదాన్ని ఎండబెట్టి చంపాను. ఈ సంగతి ఎవరికీ చెప్పనని మా ఆయన ఒట్టు వేశాడు. మర్నాడు బడికి వెళ్లేసరికి మా హెడ్మాస్టరు నన్ను చూసి నవ్వుతున్నారు.

ఈ బోన్సాయ్ పిచ్చి నాకు అంటుకున్నది జహీరాబాద్ బైపాస్ పక్కనున్న నర్సరీలో. నిజానికి మందార మొక్క కోసం వెళ్లాను. అక్కడ బల్ల మీద, అన్నం పళ్లెమంత తొట్టిలో ఒక జువ్విచెట్టు కనిపించింది. ఎత్తు మూరెడు కూడా లేదు. కానీ మొదలు లావుగా, వేళ్లు మట్టిని గట్టిగా పట్టుకొని, అచ్చం పెద్ద చెట్టులాగే ఉంది. దాని వయసెంతని అడిగితే, పన్నెండేళ్లని చెప్పాడు నర్సరీ నడిపే పెద్దాయన. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మనిషి, మనతో తెలుగు ధారాళంగా మాట్లాడతాడు. తొందరపడేవాళ్లంటే మాత్రం ఆయనకు గిట్టదు.

"అది అమ్మనమ్మా. గావాలంటే మీరే పెంచుకోండ్రి. జర సబర్ ఉండాలె, అంతే," అన్నాడు.

సబర్, అదే ఓపిక, నాకు పుట్టుకతోనే లేదు. ఆ ముక్క ఆయనకు చెప్పకుండా ఒక లేత మొక్క కొని తెచ్చుకున్నాను. అది, దాని తర్వాతది ఏమయ్యాయో ముందే చెప్పాను కదా. మూడోసారి వెళ్తే ఆయన నా మొహం వంక చూసి, లోపలికెళ్లి ఒక జమ్మి మొక్క తెచ్చి చేతిలో పెట్టాడు.

"ఇది మన నేల చెట్టు. గంత జల్దీ సావది. మీ చేతుల ఏదన్న బతికితే ఇదే బతకాలె," అన్నాడు.

బతికింది. మా ఎర్రమట్టిలో ఇసుక, ఇటుక ముక్కలు కలిపి జల్లించి పోశాను. జల్లెడ ఎక్కడిదంటే వంటింటిదే. వారం రోజులు రొట్టెలు కరకరలాడుతుంటే మా ఆయన జొన్నల దుకాణం మార్చాలన్నాడు గానీ అసలు సంగతి పట్టుకోలేకపోయాడు. కొమ్మలు వంచడానికి మోటార్లు వైండింగ్ చేసే దుకాణంలో రాగి తీగ అడిగి తెచ్చాను. చుట్టిన తీగను మూడు నెలలకు విప్పేయాలని పెద్దాయన ఒకటికి పదిసార్లు చెప్పాడు. ఈలోగా పరీక్షలొచ్చాయి, పేపర్లు దిద్దడం వచ్చింది. గుర్తొచ్చి చూసేసరికి తీగ బెరడులోకి దిగిపోయి ఉంది. ఆ చారలు ఇప్పటికీ ఉన్నాయి, వచ్చినవాళ్లకు అది చెట్టు అందమని చెబుతుంటాను.

కత్తిరించడం ఇంకో ప్రహసనం. ఫోన్‌లో వీడియో పెట్టుకునేదాన్ని. అందులో ఒక జపాన్ ముసలాయన పెదవి విప్పకుండా చకచకా కొమ్మలు కోసుకుంటూ పోయేవాడు. నేను ఒక్క చిగురు తుంచడానికి పావుగంట ఆలోచించి, తుంచాక గంటసేపు బాధపడేదాన్ని. వరండాలో కుర్చీ వేసుకొని మా మామయ్య ఇదంతా వేడుకగా చూసేవారు.

"చెట్టును గిట్ల కూసోబెట్టి కటింగ్ చేసుడేంది బిడ్డా? అదేమన్న బడికి పోతదా?" అనేవారు.

మామయ్య బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. న్యాల్‌కల్ రూటులో, మొగుడంపల్లి రూటులో ఆయన ఎరగని గడప లేదు. దసరా వచ్చిందంటే ఇక ఆయన్ని పట్టుకోలేం. సాయంత్రం ఊరి చివర జమ్మిచెట్టు దగ్గర పూజ కాగానే తువ్వాల నిండా ఆకు తెచ్చేవారు. మా గల్లీ మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా, హిందువులా ముస్లిములా క్రిస్టియన్లా అని చూడకుండా అందరి చేతుల్లో బంగారం అంటూ ఆకు పెట్టి, కావలించుకొని అలయ్ బలయ్ ఇచ్చి వచ్చేవారు. ఏడాదంతా ఎడమొహం పెడమొహంగా ఉన్నవాళ్లు కూడా ఆ పూట ఆయన్ని చూసి నవ్వాల్సిందే.

కిందటి దసరాకు ఆయన మోకాలికి ఆపరేషన్ అయి నెల. గడప దాటొద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. మా ఆయనకు ఫ్యాక్టరీలో డ్యూటీ, వచ్చేటప్పుడు జమ్మి తెస్తానన్నాడు. నేను వంటింట్లో గారెలు వేస్తున్నాను.

ఆ వానాకాలం నా చెట్టు విరగబడి చిగిర్చింది. మూడేళ్ల తర్వాత మొదటిసారి దానికో ఆకారం వచ్చింది. పైన గొడుగు పట్టినట్టు గుబురు, కింద ఒక కొమ్మ పక్కకు చాచి, ఎవరు చూసినా చెట్టు అనేటట్టు ఉంది. పండగ వెళ్లిన ఆదివారం దాన్ని నర్సరీకి తీసుకెళ్లి పెద్దాయనకు చూపించాలని ఎన్ని కలలు కన్నానో. ఆయన నోటితో ఒక్కసారి శభాష్ అనిపించుకోవాలని నా కోరిక.

వరండాలోంచి మాటలు, నవ్వులు వినిపిస్తున్నాయి. మామయ్య నెల రోజుల తర్వాత హుషారుగా ఉన్నారని సంబరపడ్డాను కూడా. గారెల పళ్లెం పట్టుకొని బయటికొస్తే గల్లీ గల్లీ అంతా మా వరండాలో ఉంది. అందరి చేతుల్లో జమ్మి ఆకు. గోడ మీద తొట్టిలో నా చెట్టుకు ముళ్లు, కొమ్మలు తప్ప ఆకన్నది లేదు.

"తలా ఒక్క ఆకే అడిగిన్రు బిడ్డా," అన్నారు మామయ్య నవ్వుతూనే. "నేను పోలేకపోతి గద, గందుకే ఆళ్లే వచ్చిన్రు."

నాకు ఒళ్లు మండిపోయింది. కోపమొస్తే నా నోటికి తాళం ఉండదు.

"పంచనీకి అదేమన్న మీదా మామయ్యా? నాది! మూడేండ్ల సంది పెంచుకుంటున్న. మీకేం హక్కుందని తెంపిన్రు?" అని అరిచాను, అంతమంది ముందు.

ఎదురింటావిడ కొంగు ముడిలోంచి తన ఆకు తీసి, మెల్లగా తొట్టిలో మట్టి మీద పెట్టింది. ఆవిడను చూసి ఇంకొకరు. వాళ్లను చూసి పిల్లలు. ఒక్కరు కూడా అలయ్ బలయ్ ఇవ్వకుండానే దిగిపోయారు. మామయ్య కర్ర అందుకొని లోపలికి వెళ్లిపోయారు. పళ్లెంలో గారెలు పళ్లెంలోనే ఉన్నాయి. డ్యూటీ దిగి మా ఆయన చంకలో పట్టనంత జమ్మి కొమ్మతో వచ్చాడు, తీసుకోవడానికి మనుషులే లేరు.

ఆ తర్వాత మామయ్య నాతో మాట్లాడలేదు. కోపంగా ఉన్నారా అంటే అదీ లేదు. అరుపులు లేవు, విసుర్లు లేవు. టీ ఇస్తే తాగేవారు, అన్నం పెడితే తినేవారు. ఏదైనా కావాలంటే మా ఆయనతో చెప్పించేవారు. వరండాలో కుర్చీ ఆయన గదిలోకి మారింది. ఆయనకు ఇష్టమని జొన్నరొట్టె, ఎల్లిగడ్డ కారం చేసి పెడితే తిని, గోడ వైపు చూస్తూ చెయ్యి కడుక్కున్నారు.

మొదటి రెండు రోజులు న్యాయం నాదే అనుకున్నాను. చెట్టు నాది కాదా, మూడేళ్లు సాకలేదా అని మా ఆయనతో వాదించాను. మూడో రోజు నుంచి సిగ్గు మొదలైంది. కక్షలన్నీ మరిచి కావలించుకునే రోజున, ఊరందరికీ పంచిపెట్టిన మనిషిని పట్టుకొని మీకేం హక్కుందని అడిగాను. మట్టి మీద వాడిపోయిన ఆ ఆకులను ఏరి పారేయలేక అలాగే ఉంచాను. క్షమాపణ అడగాలని ఆయన గది గుమ్మం దాకా వెళ్లేదాన్ని. తీరా వెళ్లాక మందులు వేసుకున్నారా అని అడిగి వచ్చేసేదాన్ని. ఆయన తలూపేవారు.

ఆదివారం తొట్టి పట్టుకొని నర్సరీకి వెళ్లాను, శభాష్ కోసం కాదు, బతుకుతుందో లేదో అడగడానికి. పెద్దాయన కొమ్మను గోటితో గీకాడు. లోపల పచ్చగా ఉంది.

"పానం ఉన్నది. ఏం ఫికర్ లేదు," అన్నాడు. "మేము గూడ ఒక్కోపారి ఆకులన్నీ దూసేస్తం, కొత్తయి చిన్నగ రానీకి. మూడు వారాలు ఆగున్రి. నీళ్లు తక్కువ పొయ్యున్రి. ఉన్న కొమ్మను ముట్టకున్రి, వచ్చే ఒక్కో చిగురు దానికి బలం."

నేను లేవబోతుంటే అడిగాడు. "మీ మామ ఈసారి రాలే. ఏటా దసరకు వచ్చి నా చేతుల ఆకు పెడుతుండె. ఆయన పానం మంచిగుందా?"

మోకాలి ఆపరేషన్ అయిందని చెప్పాను. మిగతాది చెప్పడానికి నోరు రాలేదు.

రోజూ బడికి వెళ్లేముందు తొట్టి ముందు నిలబడేదాన్ని. రెండు వారాలు ఏమీ లేదు. మూడో వారంలో ఒక ముల్లు పక్కన నువ్వుగింజంత పచ్చటి చుక్క కనిపించింది. ఆ సంతోషం ఎవరితో పంచుకోవాలో తెలియక ఎదురింటావిడను గోడ దగ్గరికి పిలిచి చూపించాను. ఆవిడ పాపం ఏమీ మనసులో పెట్టుకోలేదు. ఇంకా రెండు మూడు రోజులకు అక్కడక్కడా చిగుళ్లు లేచాయి. లెక్కపెడితే నాలుగు.

ఆ రోజు సెలవు. అందరికంటే ముందు విచ్చుకున్న చిగురును గిల్లాను. ముట్టుకోవద్దని నర్సరీ పెద్దాయన చెప్పింది గుర్తుంది. బడిలో నేనే చెప్పే పాఠం అది. అయినా గిల్లి, చేతిలో పట్టుకొని మామయ్య గదిలోకి వెళ్లాను. ఆయన పేపరు చదువుతున్నారు. ఆయన అరచేతిలో దాన్ని పెట్టాను.

"తీసుకోండ్రి మామయ్యా, బంగారం. ఆ రోజు నేను అట్ల అనకుండ ఉండాల్సింది," అన్నాను.

ఆయన చేతిలోని చిగురు వంక చూశారు. నా వంక చూశారు. పేపరు విసిరికొట్టారు.

"బుద్ధుందా నీకు? ఇప్పుడిప్పుడే పానం పట్టుకుంటుంటే తెంపుకొస్తవా? నిన్న పొద్దుగాల ఏడుండె. పై కొమ్మకు నాలుగు, ఎనక దిక్కు కిందికి మూడు. ఇగ ఆరే ఆయె! బడి పోరగాండ్లకు ఏం చెప్తున్నవో ఏమో!"

తొట్టి వెనక వైపు, గోడ అవతలికి వాలి ఉన్న కొమ్మను నేను చూడనే లేదు. అంటే నేను బడికి వెళ్లాక, కర్ర పట్టుకొని, ఆ ఆపరేషన్ మోకాలితో ఆయన రోజూ వరండాలోకి వెళ్లి వంగి చూస్తున్నారన్నమాట. మూడు వారాల తర్వాత ఆయన నాతో మాట్లాడిన మొదటి మాటలు తిట్లు. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

ఆయన చిగురును చొక్కా జేబులో పెట్టుకొని, "నిలవడ్డవేంది? వంగు మరి," అన్నారు.

వంగి కాళ్లు ముట్టుకున్నాను. నా తల మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి తియ్యకుండానే ఇంకో రెండు తిట్లు తిట్టారు.