లారీ ట్యూబు

నిన్న అమ్మతో రెజిమెంటల్ బజార్‌లో నడుస్తుంటే, పంక్చర్ షాపు ముందు ఎండకు కాగిన రబ్బరు వాసన తగిలింది. అమ్మమ్మ ఊరి చెరువులో గోరువెచ్చని నీళ్ళు గుర్తొచ్చాయి.

అప్పుడు నాన్నది కొత్తగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వేసవిలో రెండు రోజులు సెలవు దొరికితే చాలు, మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళేవాడు. నన్ను లారీ ట్యూబులో కూర్చోబెట్టి, ఛాతీలోతు నీళ్ళలో తోస్తూ, "జెర కాళ్ళాడించు బిడ్డా, నేనున్న గద" అనేవాడు. అమ్మ మాత్రం కొంగు నడుముకు దోపుకొని ఒడ్డునే నిలబడి, మా మీంచి చూపు తిప్పేది కాదు. పాపం, అమ్మకు నీళ్ళంటే భయమనుకునేదాన్ని.

నిన్న ఆ మాటే చెబితే అమ్మ నవ్వింది.

"మీ నాయినకు ఈతేడొస్తది? ఆ చెర్వుల ఈదుకుంట పెరిగింది నేను. గందుకే కొంగు దోపుకొని నిలవడేదాన్ని."